వంటింటి కిటికీ దాకా

ఈతకొలను వెనక వీధి,
ఎండలు మొదలైన వారం

అన్నయ్యకి,

నిన్న ఫోన్లో ఎలా ఉన్నావని అడిగితే "బాగానే ఉన్నాను" అన్నావు. ఆ రెండు మాటల మధ్య ఆగి ఊపిరి తీసుకున్నావు. నేను గమనించలేదనుకున్నావు కాబోలు. ఇన్నేళ్లు పిల్లలకి ఈత నేర్పాక, ఎవరికి ఎక్కడ ఊపిరి అందడం లేదో చూడకుండానే పట్టేసే చెవులొచ్చాయి నాకు. తర్వాత వదిన ఫోను లాక్కుని, మాట్లాడితే నీకు దగ్గు తెరలొస్తున్నాయనీ, రేపు మాట్లాడిస్తాననీ చెప్పి పెట్టేసింది. రేపూ ఇదే జరుగుతుందని నాకు తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ఎంతసేపు మాట్లాడినా దగ్గు రాదు. నువ్వూ రాయి. కరోనా అని ఊరంతా మూసేసినా పోస్టు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఇక్కడ కొలను మూసేసి నీళ్లు తోడేశారు. నిన్న కంచె పక్కగా వెళ్తూ తొంగి చూశాను. నీళ్లు లేకపోతే అది ఇంత లోతని ఎప్పుడూ అనుకోలేదు. అడుగున ఎవరిదో ఒక చెప్పు పడి ఉంది. ఎదురింటి లెక్కల మాస్టారు డాబా మీద చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నారు, పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నట్టు. వీధిలో నాకు కనిపించే మనిషి ఆయనొక్కరే.

అసలు సంగతికొస్తాను. ఆస్పత్రిలో నీ వ్యాయామం క్లాసు మూతపడిందట. రంపపు పొట్టూ సిగరెట్లూ కలిసి నీ ఊపిరితిత్తుల్ని పాడు చేశాయని, అది ఇక పూర్తిగా నయమయ్యే జబ్బు కాదని డాక్టరు తేల్చాక నువ్వెలా అయిపోయావో నాకు గుర్తుంది. ఆ క్లాసుకి వెళ్లాకే మళ్లీ మనిషివయ్యావు. వీధి చివరిదాకా నడిచి పేపరు తెచ్చుకున్నానని గొప్పగా చెప్పావు. మరి ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నావు? నిజం రాయి. "బాగానే" అనే మాట వాడితే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

నీ చేపపిల్ల


రెండో అంతస్తు, వీధి వైపు గది

చేపపిల్లా,

నిజం రాయమన్నావు కదా. ఏమీ చేయడం లేదు. పొద్దున మంచం మీంచి కుర్చీలోకి, రాత్రి కుర్చీలోంచి మంచం మీదికి. అంతే నా ప్రయాణం.

ఆస్పత్రి వాళ్లు ఫోను చేసి, నాలాంటివాళ్లు గడప దాటకూడదని చెప్పారు. అది మీ వదిన చెవిలో కుర్చీ దాటకూడదని పడింది. మంచినీళ్లు, మాత్రలు, పీల్చే మందు, పేపరు, ఆక్సిజన్ చూసుకోవడానికి వేలికి పెట్టుకునే క్లిప్పు, అన్నీ నా చేతికందేలా ఒక స్టూలు మీద సర్దింది. ఆ స్టూలు నేను చేసిందే. దాని కాళ్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. నావే వదులయ్యాయి.

మొదటి వారం హాయిగానే ఉందనుకున్నాను. రెండో వారానికి చొక్కా తొడుక్కుంటుంటే ఆయాసం వచ్చింది. ఇప్పుడు స్నానం చేసి తల తుడుచుకోవడానికి చేతులు పైకెత్తితే గోడకి ఆనుకుని నిలబడాల్సి వస్తోంది. వానాకాలంలో తలుపు ఉబ్బి చట్రంలో పట్టేస్తుంది చూడు, నా ఛాతీ అలా అయింది. తోస్తే కదలదు. గట్టిగా తోస్తే ఇంకా బిగుసుకుంటుంది.

మీ వదినని తప్పు పట్టకు. పోయిన చలికాలం మెట్ల మీద నేను కూలబడ్డ సంగతి నీకు సగమే చెప్పాం. మార్కెట్ నుంచి వస్తూ, ఇద్దరం ఏదో పిచ్చి విషయానికి వాదించుకుంటూ ఎక్కుతున్నాం. మొదటి అంతస్తు మలుపు దగ్గర నాకు గాలి ఆడలేదు. చిన్నప్పుడు బావిలో మునిగినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. తను సంచులు అక్కడే పడేసి, పై ఇళ్లూ కింద ఇళ్లూ తలుపులన్నీ బాదింది. అంబులెన్సు వచ్చేదాకా నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పటినుంచి నేను కుర్చీలోంచి లేస్తే చాలు, తను కుట్టుమిషను మీద కాలు ఆపేస్తుంది. ఆ చప్పుడు ఆగగానే నాకూ భయం పుడుతుంది. మళ్లీ కూర్చుంటాను. మిషను మళ్లీ మొదలవుతుంది.

ఆస్పత్రి వాళ్ల కోసం మాస్కులు కుడుతోంది. రోజంతా కుడుతూనే ఉంది. తనకి అదొక ఆసరా. నాకు ఏ ఆసరా లేదు. నిజం రాయమన్నావు కనక రాశాను.

అన్నయ్య


ఈతకొలను వెనక వీధి

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత కోపం తెచ్చుకున్నాను, తర్వాత మీ క్లాసు టీచరమ్మకి ఫోను చేశాను. నంబరు ఆస్పత్రిలో అడిగితే ఇచ్చారు. పాపం ఆవిడని కరోనా వార్డులో వేశారట. గొంతు బొంగురుపోయి ఉంది. నీ గురించి చెప్పగానే, "వడ్రంగి గారేగా, డంబెల్స్ పట్టుకోమంటే ఇవి ఏ చెక్కతో చేశారని అడిగేవారు" అని నవ్వింది.

ఆవిడ చెప్పింది రాస్తున్నాను. నీ ఊపిరితిత్తులు ఎలా ఉండేవో అలాగే ఉండి ఉంటాయట. తగ్గింది కాళ్లలో బలం. కండ వాడకపోతే కరిగిపోతుంది. కరిగిన కండ చిన్న పనికి కూడా ఎక్కువ గాలి అడుగుతుంది. నువ్వేమో ఆయాసం వచ్చిందని ఇంకా కూర్చుంటావు, అది ఇంకా కరుగుతుంది. కాబట్టి ఆయాసం రాకుండా ఉండటం కాదు, ఆయాసం వస్తే ఎలా దింపుకోవాలో తెలిసి ఉండి కదలడం ముఖ్యమంది.

ముందు ఊపిరి. ముక్కుతో పీల్చు, పెదాలు సున్నాలా చుట్టి వేడి టీ ఊదినట్టు మెల్లగా వదులు. పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం. లేచేటప్పుడు గాలి వదలాలి, బిగబట్టకూడదు. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం. ఇంట్లోనే ఆ గోడ నుంచి ఈ గోడకి నడక. మాట్లాడగలిగేంత ఆయాసమైతే పరవాలేదు, మాట రానంత అయితే ఆగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, క్లిప్పులో అంకె ఆవిడ చెప్పినదానికంటే తగ్గడం, వీటిలో ఏదొచ్చినా ఆపి ఫోను చెయ్యాలి. మందు పీల్చిన కాసేపటికి మొదలెడితే తేలికట.

రేపే మొదలుపెట్టు. వదినకి చెప్పి చెయ్యి. చాటుగా మాత్రం వద్దు.

చేపపిల్ల


రెండో అంతస్తు

అమ్మాయీ,

ఈ ఉత్తరం మీ అన్నయ్య కాదు, నేను రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టే ఆయన నిన్న మొదలుపెట్టారు. నేను వద్దన్నాను. కుర్చీలో లేచి కూర్చోవడం చేస్తారేమోనని ఆయన కంటే ముందు వెళ్లి అందులో కూర్చున్నాను కూడా. అయితే మంచం అంచు మీద చేస్తానన్నారు. చేశారు. దగ్గొచ్చింది. ఆగలేదు. ముఖం ఎర్రబడి, మెడ నరాలు పొంగి, కళ్లలో నీళ్లు కారుతుంటే నేను వీపు రాస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి తగ్గింది. సాయంత్రం ఏమీ తినలేదు.

నువ్వు నీళ్లలో మనుషుల్ని తేల్చే మనిషివి. నీకు ధైర్యం ఎక్కువ. కానీ ఆ రోజు మెట్ల మీద ఆయన పెదాలు ఏ రంగుకి తిరిగాయో నువ్వు చూడలేదు. నేను చూశాను. ఇప్పుడు అలాంటిదే జరిగితే పిలవడానికి తలుపులు కూడా తెరుచుకోవు. ఆస్పత్రికి తీసుకెళ్లినా లోపలికి నన్ను రానివ్వరు. ఆయన అక్కడ ఒక్కరే ఉంటారు.

నువ్వు ఆయన మంచి కోరే చెబుతున్నావని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆయన్ని ఇలాగే కూర్చోనివ్వు. కూర్చుని ఉన్నా చాలు నాకు.

మీ వదిన


ఈతకొలను వెనక వీధి

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు జవాబు చెప్పేంతదాన్ని కాదు. ఆ మెట్ల మీద ఉన్నది నువ్వు.

ఒక్క విషయం రాస్తాను. నా దగ్గరికి ఈతకొచ్చే పిల్లల్లో భయస్తుల్ని నేను గట్టు మీద ఉన్న తల్లిని చూసి గుర్తుపడతాను. పిల్లవాడు నీళ్లలో కాలు పెడుతుంటే ఆవిడ ఊపిరి బిగబడుతుంది. వాడు నీళ్లని చూడడు, ఆవిడ ముఖాన్ని చూస్తాడు. అలాంటి తల్లిని నేను బయటికి పంపను. నీళ్లలోకి రమ్మంటాను. పక్కన నిలబడి చెయ్యి పట్టుకోమంటాను. ఆవిడ కాళ్లకి నేల తగిలాక ఇద్దరికీ భయం తగ్గుతుంది.

అన్నయ్యని ఒక్కడినీ చెయ్యనివ్వకు. నీ మాట నిజం. తొందరపడి అన్నీ ఒకేసారి రాసి పంపడం నా పొరపాటే. మొదట ఊపిరి వదలడం ఒక్కటే చాలు, అదీ కూర్చునే. టీచరమ్మ నీతో మాట్లాడతానంది, వార్డు పని అయ్యాక తనే ఫోను చేస్తుంది. నీకు ఏది భయమో ఆవిడని అడుగు. ఆవిడ చెప్పింది నీకు నచ్చకపోతే నేను ఇక నోరెత్తను.

నీ మరదలు


రెండో అంతస్తు, వంటింటి కిటికీ పక్కన

చేపపిల్లా,

ఉత్తరం ఎక్కడినుంచి రాస్తున్నానో పైన చూశావా? వంటింటి కిటికీ. నా కుర్చీ నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాను. మధ్యలో తలుపు చట్రం దగ్గర ఒకసారి ఆగాను, అంతే.

టీచరమ్మ మీ వదినకి ఫోను చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. తలుపేసుకుని మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక మీ వదిన ముఖం కడుక్కుని, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "పెదాలు చుట్టండి" అంది. చుట్టాను. "అది ఊదడమా, ఈల వెయ్యడమా?" అంది. అప్పటినుంచి మొదలయ్యాయి నా కష్టాలు.

ఆస్పత్రి టీచరమ్మ ఎంత మెత్తటి మనిషో ఇప్పుడు తెలిసింది. ఈవిడ దగ్గర ఎగ్గొట్టడం కుదరదు. మాస్కు కుడుతూనే నా వైపు చూస్తుంది. గాలి బిగబట్టానంటే మిషను చక్రం చేత్తో ఆపేస్తుంది. ఇదివరకు మిషను ఆగితే నాకు భయమేసేది. ఇప్పుడు తిట్లొస్తాయి, అదే నయం.

కుర్చీ మరీ పల్లంగా ఉందని, లేవడం నాకు కష్టంగా ఉందని, చెక్క ముక్కలు చిత్రిక పట్టి దాని కాళ్ల కింద ఎత్తు పెడదామనుకున్నాను. చిత్రిక ముట్టుకుంటే పొట్టు రేగుతుందని తను ఒప్పుకోలేదు. పాత పరుపు మడిచి సీటు మీద కుట్టింది. ఇన్నేళ్లు కొయ్య పని చేసి చివరికి దూది మీద లేచి కూర్చుంటున్నాను.

చేతులకి డంబెల్స్ బదులు కందిపప్పు డబ్బాలు. వాటిని ఎత్తుతుంటే మొదట్లో భుజాలు పీకేసేవి. నిన్న తల తుడుచుకున్నాను, గోడకి ఆనుకోకుండా. తుడుచుకున్నాక గానీ ఆ సంగతి తట్టలేదు. తువ్వాలు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

కిటికీలోంచి వెనక వీధి కనిపిస్తుంది. మంగలి షాపతను మూసి ఉన్న షాపు ముందు తన తల తనే అద్దంలో చూసుకుంటూ కత్తిరించుకుంటున్నాడు. వెనకవైపు అందక తిప్పలు పడుతున్నాడు. వీధి వైపు కుర్చీలో కూర్చుని ఇదంతా పోగొట్టుకున్నాను.

మీ వదినకే రాస్తున్నావు, నాకెప్పుడు రాస్తావు? ఈసారి పొడుగ్గా రాయి.

అన్నయ్య


ఈతకొలను వెనక వీధి

అన్నయ్యా,

చాలా సంతోషం. అలాగే చెయ్యి. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఫోను చెయ్యకు, సిగ్నలు సరిగా లేదు. నేనే చేస్తాను. వదిన చెప్పినట్టు విను.

చేపపిల్ల


రెండో అంతస్తు, వంటింటి కిటికీ పక్కన

చెల్లాయికి,

కొలను మూసేశాక నీకు పనేమిటని ఆలోచిస్తూ నాలుగు రోజులు గడిపాను. ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు, ఒక్క ఆర్డరు లేదు. అక్షరాలు లైను దాటి కిందికి జారిపోయాయి. చిన్నప్పుడు పలక మీద కూడా నీ రాత గీత తప్పేది కాదు. మీ వదినని అడిగితే, అందరూ మీలా ఖాళీగా ఉంటారా అంది. నా వైపు చూడకుండా అంది.

ఇవాళ మధ్యాహ్నం ఏం జరిగిందో విను. భోజనమయ్యాక నేను కాసేపు పడుకుంటాను కదా. నిద్ర పట్టక, నడక ముందే చేసేద్దామని లేచాను. కాళ్లకి మేజోళ్లున్నాయి కనక చప్పుడు లేదు. తలుపు చట్రం దగ్గర ఆగి గాలి వదులుతున్నాను. వంటింట్లోంచి మీ వదిన గొంతు వినిపించింది. చాలా మెల్లగా మాట్లాడుతోంది. తను అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు.

"ముక్కుతో పీల్చు. తొందరలేదు. ఇప్పుడు పెదాలు చుట్టి వదులు. మీ అన్నయ్య కూడా మొదట్లో ఇలాగే హడలిపోయేవారు. వదులు, ఇంకా ఉంది లోపల, వదులు."

నేను అక్కడే చట్రం పట్టుకుని నిలబడ్డాను. నాకు ఆయాసం రాలేదు. వచ్చి ఉంటే గమనించేవాణ్ని కూడా కాదేమో. తను ఫోను పెట్టేసి వెనక్కి తిరిగి నన్ను చూసింది. గట్టు మీద గ్లాసులు తుడవడం మొదలెట్టింది, కడిగినవే.

ఎవరు అని అడిగాను. ఇంక దాచలేకపోయింది.

నీకు జ్వరమొచ్చి మూడు వారాలైందట. ఆస్పత్రిలో చేర్చారట. ఆక్సిజన్ పెట్టారట. లెక్కల మాస్టారు అంబులెన్సు పిలిచారట. నాకు చెప్పొద్దని నువ్వు ఒట్టు పెట్టించుకున్నావట, నా ఊపిరికి ముప్పని. మా ఇద్దరి మధ్యా ఈ ఇల్లంత చోటే ఉంది, అందులో తను ఇంత పెద్ద సంగతి దాచింది. రోజూ నాతో పెదాలు చుట్టించి, తర్వాత వంటింట్లోకి వెళ్లి నీతో చుట్టించింది.

నాకు కోపం వచ్చింది. గట్టిగా అరుద్దామనుకున్నాను. గాలి సరిపోదని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కోపం లేదు.

ఇంటికొచ్చావా? ఎవరున్నారు దగ్గర? నిజం రాయి. నువ్వే నేర్పావు.

అన్నయ్య


ఈతకొలను వెనక వీధి, మంచం మీంచి

అన్నయ్యా,

ఇంటికొచ్చేశాను. రెండు రోజులైంది. జ్వరం లేదు, ఆక్సిజన్ అక్కర్లేదు. ఇది ముందే చెబితే నువ్వు మిగతాది ప్రశాంతంగా చదువుతావని ముందు రాశాను.

మొదట ఒళ్లునొప్పులే అనుకున్నాను. మూడో రోజు బాత్రూమ్ నుంచి మంచం దాకా రాలేకపోయాను. నేల మీద కూర్చుండిపోయాను. అక్కడినుంచి వదినకి ఫోను చేశాను. నీకు చెయ్యాలనుంది, కానీ నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఉత్తరం అప్పుడే వచ్చింది. ఆ మనిషిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టే వార్త నేను చెప్పలేకపోయాను. పని ఎక్కువగా ఉందని నాలుగు మాటలు గీకి, పోస్టు చెయ్యమని మాస్టారికిచ్చాను.

వార్డులో నర్సమ్మలు మంచివాళ్లు. ముఖాలు కనిపించవు, కళ్లూ చేతి తొడుగులే. నా పక్క మంచం మీద ఒక టైలరు గారుండేవారు. ఆయనకి ఊపిరి కష్టమైనప్పుడు మంచం పట్టీ గట్టిగా పట్టుకునేవారు. "నేనూ అలాగే పట్టుకునేవాణ్ని" అని నువ్వు జవాబు రాస్తావు, తెలుసు. ఆయన నాకంటే ముందే ఇంటికెళ్లారు. వెళ్తూ చెయ్యి ఊపారు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను జీవితమంతా జనానికి ఊపిరి పట్టడం నేర్పాను. ఎక్కువసేపు పట్టినవాళ్లకి చప్పట్లు కొట్టించాను. వదలడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఆ కాగితం నిండా నీకు రాసి పంపాను చూడు, "వేడి టీ ఊదినట్టు" అని, అది టీచరమ్మ మాట. నాకు అర్థం కాకుండానే రాశాను. ఆ మంచం మీద భయంతో గాలి లోపలే ఇరికించుకుంటున్నప్పుడు వదిన ఫోనులో చెప్పింది, "ఇంకా ఉంది లోపల, వదులు" అని. వదిలాను. తర్వాత దానంతటదే వచ్చింది.

వదిన మీద కోప్పడకు. నేను బతికి ఇంటికొచ్చానంటే డాక్టర్లు సగం, తను సగం.

ఇప్పుడు వీధి గుమ్మం దాకా వెళ్లి వస్తే పడుకోవాలనిపిస్తోంది. ఈ మనిషి కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపిరితో ఈదేదంటే నాకే నమ్మకం లేదు.

చేపపిల్ల


రెండో అంతస్తు

చేపపిల్లా,

గుమ్మం దాకా వెళ్లి వస్తున్నావా? మంచిది. ఇక నుంచి ఆర్డర్లు నావి.

గుమ్మం దగ్గర ఒక కుర్చీ వేయించుకో. అక్కడ కూర్చుని గాలి పూర్తిగా దిగాకే వెనక్కి బయల్దేరు. దూరం పెంచాలని తొందరపడకు. ఇవాళ బాగుందని ఎక్కువ చేస్తే రేపంతా మంచమే, ఇది నేను ఒళ్లు నొప్పించుకుని తెలుసుకున్నాను. చెడ్డ రోజు వస్తుంది. వచ్చినప్పుడు మొత్తం పోయిందనుకోకు. ఆ రోజు కూర్చునే మడమలెత్తు. స్నానానికి బాత్రూములో స్టూలు పెట్టుకో, సిగ్గుపడకు. తల తుడుచుకునేటప్పుడు మోచేతులు బల్ల మీద ఆనించు. ఈ ఒక్కటి నాకు ఏ టీచరమ్మా చెప్పలేదు.

దీర్ఘరోగిని కావడంలో ఒక లాభం ఉందని మొదటిసారి అనిపిస్తోంది. దారి తెలిసినవాణ్ని. నీది తగ్గే జబ్బు, నాది తోడుగా ఉండే జబ్బు. కానీ నడక రెండింటికీ ఒకటే.

మీ వదిన మీద కోపం ఎప్పుడో పోయింది. పైకి మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. తను లెక్కచెయ్యలేదు. "మూతి ముడిచారు కదా, అలాగే గాలి వదలండి" అంది.

అన్నయ్య


ఈతకొలను వెనక వీధి,
మొదటి వానల తర్వాత

అన్నయ్యా,

కొలనులో నీళ్లు పెట్టారు. పెద్దవాళ్లలో కొద్దిమందినే రానిస్తున్నారు. పిల్లల క్లాసులు ఇంకా లేవు. నిన్న మా మేనేజరు, నీళ్లు చూసుకోవడానికైనా రమ్మని పిలిచారు.

మెట్లు దిగి నడుం దాకా నీళ్లలో నిలబడ్డాను. మునగలేదు. కడ్డీ పట్టుకుని అటూ ఇటూ నడిచాను, కొత్తగా చేరిన బామ్మల్లాగా. లోతు తక్కువ వైపే. నాకు సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చల్లగా హాయిగా ఉంది. మధ్యలో ఆగినప్పుడు పెదాలు చుట్టి వదిలితే నీళ్ల మీద చిన్న అలలు పుట్టాయి. కాసేపు కావాలనే వాటికోసం ఊదుతూ నిలబడ్డాను.

లెక్కల మాస్టారు కంచె బయట గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు, నేను పైకొచ్చేదాకా. ఆయనకి ఈత రాదు. ఒకవేళ నేను మునిగితే ఏం చేసేవారని అడిగాను. కేకలు వేసేవాణ్నమ్మా అన్నారు. నేర్పిస్తానన్నాను. ఆలోచిస్తానన్నారు.

నీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు? భయపడుతున్నావని వదిన చెప్పింది.

చేపపిల్ల


రెండో అంతస్తు, వీధి వైపు గది

చేపపిల్లా,

వెళ్లొచ్చాను. అదంతా వివరంగా రాయాలని భోజనం కాగానే కూర్చున్నాను.

భయపడిన మాట నిజమే. ఇన్ని నెలల తర్వాత ఊపిరి కొలిచే గొట్టంలో ఊదితే ఎంత పడిపోయి ఉంటుందోనని రాత్రి నుంచి ఒకటే గుబులు. మీ వదిన ఇస్త్రీ చొక్కా తీసి పెట్టింది. మెట్లు దిగేటప్పుడు తను ముందు, నేను వెనక. ఆ మొదటి అంతస్తు మలుపు దగ్గర తను ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. రెయిలింగ్ మీద తన చెయ్యి మాత్రం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

ఆస్పత్రిలో గాజు గది లోపల కూర్చోబెట్టి ఊదించారు. మళ్లీ ఊదించారు. డాక్టరు కాగితాన్ని పాత కాగితం పక్కన పెట్టి చూశారు. నా ఊపిరితిత్తులు పోయిన ఏడాది ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయట. బాగుపడలేదు, కానీ ఒక్క అడుగు కూడా వెనక్కి పోలేదు. "ఈ నెలల్లో ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామంది పడిపోయారండీ, మీరేం చేశారు?" అని అడిగారు. నేను మీ వదిన వైపు చూశాను. తను గోడ మీద బొమ్మ చూస్తోంది. కాళ్ల బలం కూడా చూస్తామని వరండాలో నడిపించారు. నడిపించినామె మన టీచరమ్మే. వార్డు నుంచి తిరిగొచ్చింది, బాగా చిక్కిపోయింది. నేను ఆగకుండా నడుస్తుంటే చేతిలో గడియారం చూడటం మర్చిపోయి నా కాళ్లనే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ మొదటినుంచి నడవమంది. నడిచాను.

బయటికొచ్చాక మామూలుగా అయితే మీ వదిన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెడుతుంది. నేను అలవాటుగా బెంచీ వైపు తిరిగాను. తను కదల్లేదు. చేతిసంచి భుజానికి తగిలించుకుని, మాస్కు సరిచేసుకుని, రోడ్డు అటు చివరికి చూసింది.

"నడుద్దామా?" అంది.

దారి పొడుగునా నీడ ఉంది. మూసి ఉన్న షాపుల మెట్ల మీద కూర్చుని కూర్చుని వచ్చాం. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో తనే చెప్పింది. కూర్చున్న ప్రతిచోటా ఏదో ఒకటి మాట్లాడుకున్నాం. సగం దారిలో, ఎందుకు మొదలైందో తెలియదు, ఏదో పిచ్చి విషయానికి వాదన పెట్టుకున్నాం. ఇల్లు చేరేదాకా వాదిస్తూనే ఉన్నాం. నాకు మాట తడబడలేదు.

అన్నయ్య